అమీర్‌పేటకు ప్రపంచం ఏ దారిన వచ్చింది?

అమీర్‌పేటలో ‘గ్లోబల్’ అనే మాట తగలకుండా పది బోర్డులు చదవడం కష్టం. సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్ల పేర్లలో ఉంటుంది, వీసా కన్సల్టెన్సీల పేర్లలో ఉంటుంది, ఒక హాస్టల్ గేటు మీద కూడా చూశాను. అక్కడ ఆ మాటకి ఒకటే అర్థం: ఇక్కణ్ణుంచి బయటపడటం. మైత్రీవనం ముందు పాతికేళ్లుగా చూస్తున్న దృశ్యమే ఇది. ఆదిలాబాద్ నుంచి, శ్రీకాకుళం నుంచి, అనంతపురం నుంచి వచ్చిన పిల్లలు చేతికిచ్చిన కరపత్రాలు మడిచి జేబులో పెట్టుకుంటారు. ఒకప్పుడు మెయిన్‌ఫ్రేమ్స్, తర్వాత జావా, తర్వాత శాప్, ఇప్పుడు డేటా సైన్స్. కోర్సు పేరు మారుతుంది, కరపత్రం మాత్రం అదే.

ఇదే పేటకి, పక్కనున్న పంజగుట్టకి, బేగంపేటకి ప్రపంచంతో ఇంకో రకం సంబంధం కూడా ఉండేది. ప్రపంచాన్ని ఇక్కడికి తెచ్చుకుని, నలుగురు కలిసి, తమకి తెలిసిన భాషలో చదువుకోవడం, చూడటం. ఆ చరిత్ర ముక్కలు ముక్కలుగా ఉంది. కొన్ని ముక్కలు నవాబులవి, కొన్ని గ్రంథాలయాలవి, ఒకటి సినిమా స్టూడియోది, ఒకటి మా హాస్టల్ గదిది. వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూద్దామని ఈ వ్యాసం.

*

ముందు అమీర్ సంగతి. అమీర్-ఎ-కబీర్ అంటే పెద్ద అమీరు. అది బిరుదు. నిజాం తర్వాత నిజాం అంతటివాళ్లనిపించుకున్న పైగా వంశంలో నవాబు ఫఖ్రుద్దీన్ ఖాన్‌కి ఆ బిరుదు ఉండేది. శమ్స్-ఉల్-ఉమ్రా అన్నది ఆయన ఇంకో బిరుదు. 1781లో పుట్టి 1863 దాకా బతికాడు. నిజాం అలీ ఖాన్ కూతురు బషీరున్నిసా బేగంని పెళ్లాడాడు. ఆ బేగం పేరు మీద బేగంపేట, ఆ అమీర్ పేరు మీద అమీర్‌పేట వచ్చాయని నగర చరిత్ర చెప్పేవాళ్లు అంటారు. మొగుడూ పెళ్లాలు పక్కపక్కన పేటలై స్థిరపడ్డారన్నమాట.

ఈ నవాబుకి సైన్సంటే పిచ్చి. హైదరాబాద్‌లో పెద్ద చదువంటే ఫారసీ, అరబ్బీ అయిన రోజుల్లో ఫఖ్రియా పేరుతో ఒక మదరసా పెట్టాడు. సొంతంగా రాతి అచ్చు ముద్రణాలయం పెట్టించాడు. యూరప్ భాషల సైన్సు పుస్తకాలని ఉర్దూలోకి మార్చే మనుషుల్ని జీతాలిచ్చి కూర్చోబెట్టాడు. వాటిలో పేరుపడ్డది ‘సిత్తా-ఎ-శమ్సియా’. సిత్తా అంటే అరబ్బీలో ఆరు. యంత్రాలు, ఖగోళం, నీళ్లు, గాలి, వెలుతురు, విద్యుత్తు: ఒక్కోదాని మీద ఒక్కో పుస్తకం. ఇదంతా 19వ శతాబ్దం తొలి సగంలో. దాదాపు అదే కాలంలో, 1835లో, కలకత్తాలో మెకాలే మన భాషల్లో చదువుకోదగ్గది పెద్దగా లేదని, ఇంగ్లిష్‌లోనే చదువు చెప్పాలని రాస్తున్నాడు. ఇక్కడ ఒక నవాబు లండన్ పాఠాన్ని తీసుకొచ్చి దక్కన్ ఉర్దూలో పెడుతున్నాడు. కుర్రవాడికి ముందు ఇంగ్లిష్ నేర్పి ఆ తర్వాత ప్రపంచాన్ని చూపిస్తానని ఆయన అనలేదు. ప్రపంచాన్నే కుర్రవాడి దగ్గరికి నడిపించాడు.

అలాగని నవాబుని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఆ ముద్రణాలయం రాళ్లకీ, మున్షీల జీతాలకీ డబ్బు పైగా జాగీరుల నుంచి వచ్చింది. ఆ జాగీరుల్లో శిస్తు కట్టిన రైతుల్లో ఎంతోమంది తెలుగువాళ్లు. గాలి మీదా నీటి మీదా వచ్చిన ఆ ఆరు పుస్తకాల్లో ఒక్కటీ వాళ్ల భాషలో లేదు. ఎవరి భాషలోకి తెస్తాం అన్న ప్రశ్న అప్పుడే మొదలైంది. అదింకా తెగలేదు.

ఆ వంశంలోనే తర్వాతి తరాల్లో ఇంకో సైన్సు పిచ్చివాడు వచ్చాడు. నవాబు జఫర్ జంగ్. ఇంగ్లండ్‌లో చదువుకుని, అక్కణ్ణుంచి 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించుకుని, 1901లో ఫిసల్‌బండ దగ్గర సొంత అబ్జర్వేటరీ పెట్టుకున్నాడు. 1907లో ఆయన పోయాక నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుని బేగంపేటకి మార్చింది. అదే నిజామియా అబ్జర్వేటరీ. పంజగుట్ట నుంచి నడుచుకుంటూ పోయేంత దూరం. ఇప్పుడా ఆవరణలో సెస్ అనే ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రం ఉంది, చాలామందికి ఆ పేరుతోనే తెలుసు.

అక్కడ జరిగిన పని గురించి మొదటిసారి చదివినప్పుడు నేను కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. 1887లో పారిస్‌లో ఖగోళ శాస్త్రజ్ఞులు సమావేశమై మొత్తం ఆకాశాన్ని ఫొటోలు తీసి నక్షత్రాల పట్టిక చేద్దామనుకున్నారు. ఆకాశాన్ని పట్టీలుగా కోసి ఒక్కో అబ్జర్వేటరీకి ఒక్కో పట్టీ పంచారు. దక్షిణాన ఒక పట్టీ చిలీ దేశంలోని సాంటియాగోకి పడింది. వాళ్ల వల్ల కాలేదు. ఆ పట్టీ హైదరాబాద్‌కి వచ్చింది. పోకాక్ అనే ఆయన, ఆయన తర్వాత టి.పి. భాస్కరన్, వాళ్ల కింద పనిచేసినవాళ్లు ఏళ్ల తరబడి గాజు పలకల మీద చుక్కలు కొలిచి సంపుటాలు అచ్చువేశారు. చిలీ వాటా ఆకాశాన్ని బేగంపేట లెక్కపెట్టింది. మా పేటల చరిత్రలో ‘గ్లోబల్ ప్రాజెక్ట్’ అనదగ్గది ఏదైనా ఉందంటే అది ఇదే. కాకపోతే ఆ సంపుటాల నిండా అంకెలే. నలుగురు కూర్చుని చదువుకునే పుస్తకాలు కావవి. పని ప్రపంచానిది, గోడ అవతలి ఊరికి దానితో సంబంధం లేదు. ఇప్పుడు మన ఐటీ కంపెనీల్లో జరిగేది కూడా కొంచెం ఇలాగే ఉంటుందని నాకు అనిపిస్తుంది, ఆ పోలికని ఎక్కువ దూరం లాగను.

*

తెలుగులోకి ప్రపంచం వచ్చిన దారి వేరు. అది కోఠీ వైపు నుంచి వచ్చింది. 1901 సెప్టెంబర్ 1న రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది. ఐదేళ్లకి, 1906లో, కొమర్రాజు లక్ష్మణరావు పూనికతో హైదరాబాద్‌లోనే విజ్ఞాన చంద్రికా మండలి పుట్టింది. కథలు కాకరకాయలు కాకుండా చరిత్ర, సైన్సు తెలుగులో వేయాలని పెట్టుకున్న సంస్థ. వాళ్లు వేసిన మొట్టమొదటి పుస్తకం ఎవరి గురించి? నన్నయ గురించి కాదు, రుద్రమదేవి గురించీ కాదు. అబ్రహాం లింకన్ గురించి. రాసింది గాడిచర్ల హరిసర్వోత్తమరావు.

నిజాం రాజ్యంలో, ఉర్దూ రాకపోతే ఆఫీసు గుమ్మం ఎక్కలేని ఊళ్లో, తెలుగు చదువుకోవడానికి పుట్టిన సంఘం తొలి పుస్తకంగా అమెరికాలో బానిసత్వాన్ని రద్దుచేసిన మనిషి జీవితాన్ని ఎంచుకుంది. అది యాదృచ్ఛికం అనుకోను. తమ గురించి నేరుగా మాట్లాడలేని చోట దూరదేశం కథ చాలా పనికొస్తుంది. తర్వాత గస్తీ నిశాన్ 53 వచ్చి సభ పెట్టాలన్నా అనుమతి కావాలన్నప్పుడు గ్రంథాలయం మరీ ముఖ్యమైపోయింది. సభ అంటే అనుమతి కావాలి. నలుగురు కూర్చుని పత్రిక చదువుకుంటే? అక్షరం వచ్చినవాడు పైకి చదివేవాడు, రానివాళ్లు చుట్టూ కూర్చుని వినేవాళ్లు. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు భుజాన వేసుకుని తిరిగి అమ్మింది ఇలాంటి వినేవాళ్ల దగ్గరికే.

ఇది మనకి కొత్త కూడా కాదు. పురాణ కాలక్షేపంలో పద్యం చదివేవారు ఒకరు, అర్థం చెప్పేవారు ఒకరు. మధ్యలో ఆపి “ఇప్పుడు భీముడు ఎందుకూరుకున్నాడండీ” అని అడిగేవాడు ఇంకొకడు. గ్రంథాలయోద్యమం చేసిందల్లా భారతం ఉన్న చోట పత్రికని పెట్టడం. చదివే పద్ధతి మాత్రం పాతదే. అర్థం చెప్పేవాడు, అడ్డుపడి అడిగేవాడు ఇద్దరూ ఉంటేనే ఆ పద్ధతి నడుస్తుంది. ఈ ఇద్దరి సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తారు.

*

ఇప్పుడు అమీర్‌పేటకే వద్దాం, సారథి స్టూడియోకి. ఈ పేరు వెనక ఉన్నది చల్లపల్లి రాజా సారథి ఫిలిమ్స్. గూడవల్లి రామబ్రహ్మం చేత 1938లో ‘మాలపిల్ల’, 1939లో ‘రైతుబిడ్డ’ తీయించింది ఆ సంస్థే. ఒక జమీందారు డబ్బుతో జమీందారీ మీద సినిమా వచ్చిందంటే ఇప్పటికీ వింతగానే ఉంటుంది. మద్రాసు నుంచి తెలుగు సినిమా ఇటు రాకముందే అమీర్‌పేటలో స్టూడియో కట్టారు. పూర్తిగా హైదరాబాద్‌లో తయారైన తొలి తెలుగు సినిమాగా చెప్పే ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959లో ఇక్కణ్ణుంచే వచ్చింది.

నాకు ఆ స్టూడియోతో ఉన్న సంబంధం తెలుగు సినిమా వల్ల వచ్చింది కాదు. లోపల ఒక చిన్న ప్రివ్యూ థియేటర్ ఉండేది. 1974లో మొదలైన హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ అక్కడ ప్రపంచ సినిమాలు వేసేది. ఫిల్మ్ సొసైటీలు ఎలా నడిచేవో ఇప్పటి పిల్లలకి కొంచెం చెప్పాలి. 1947లో కలకత్తాలో సత్యజిత్ రాయ్, ఆయన స్నేహితులు కలిసి పెట్టుకున్న సొసైటీ ఈ ధోరణికి పెద్ద ఊపు ఇచ్చింది. 1959లో సొసైటీలన్నిటికీ కలిపి ఒక ఫెడరేషన్ ఏర్పడింది. సభ్యులకి మాత్రమే చూపిస్తారు కాబట్టి సెన్సార్ నుంచి మినహాయింపు దొరికేది. రాయబార కార్యాలయాలు, పుణెలోని ఫిల్మ్ ఆర్కైవ్ ప్రింట్లు పంపేవి. ఆ ఇనుప డబ్బాలు రైల్లో ఊరూరూ తిరిగేవి. మన దగ్గర కరీంనగర్‌లో కూడా సొసైటీ నడిచింది. టికెట్ కొనుక్కుని వెళ్లే సినిమా కాదు, సభ్యత్వం కట్టి వెళ్లేది. చూసి ఊరికే వెళ్లిపోతే ఎవరూ ఏమీ అనరు గానీ, బయట టీ తాగకుండా వెళ్లిపోయేవాళ్లు తక్కువ.

నేను 2000లో అమీర్‌పేటకి వచ్చాను. ఒరాకిల్ కోర్సులో చేరాను. నేను చేరిన కొన్ని నెలలకే అమెరికాలో డాట్‌కామ్ బుడగ పేలింది, మరుసటి సెప్టెంబర్‌లో జంట టవర్లు కూలాయి. వీసా స్టాంపింగ్ అయినవాళ్లు కూడా టికెట్లు రద్దుచేసుకున్నారు. మా హాస్టల్లో సాయంత్రాలు ఖాళీ అయిపోయాయి. ఆ ఖాళీలో ఒక సీనియర్ చెప్పగా నేనూ, నా రూమ్మేటూ ఫిల్మ్ క్లబ్‌కి వెళ్లడం మొదలుపెట్టాం. రూమ్మేట్‌ది జగిత్యాల. పదో తరగతి దాకా తెలుగు మీడియం. జావాలో ప్రోగ్రామ్ రాస్తాడు కానీ తెర మీద ఇంగ్లిష్ సబ్‌టైటిల్ రెండో లైను చదివేలోపు మారిపోయేది.

ఒక సాయంత్రం అక్కడ ఇరాన్ సినిమా చూశాం. అబ్బాస్ కియరోస్తమీ 1987లో తీసిన ‘వేర్ ఈజ్ ద ఫ్రెండ్స్ హోమ్’. కథ అరచేతిలో పడుతుంది. కోకర్ అనే ఊళ్లో ఒక పిల్లవాడు పక్కనే కూర్చునే స్నేహితుడి నోట్‌బుక్ పొరపాటున ఇంటికి తెచ్చేస్తాడు. ఇంకోసారి నోట్‌బుక్‌లో హోంవర్క్ చేసుకురాకపోతే బడి నుంచి పంపించేస్తానని మాస్టారు ఆ స్నేహితుణ్ణి బెదిరించి ఉన్నాడు. స్నేహితుడిది పోష్తే అనే పక్క ఊరు, ఇల్లెక్కడో తెలీదు. పిల్లవాడు గుట్ట మీద వంకరటింకర దారిలో పరిగెత్తుతాడు. అమ్మ వినదు, తాత వినడు, దారిలో పెద్దవాళ్లెవరూ పూర్తిగా వినరు. అంతే సినిమా.

మొదటి పది నిమిషాలూ మావాడు నా మోచేయి పొడుస్తూనే ఉన్నాడు: “ఏమన్నడ్రా? ఏమన్నడు?” నేను గుసగుసగా తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. అమ్మ “ముందు హోంవర్క్ చెయ్, తర్వాత రొట్టెలు తీసుకురా” అంటోందని, తాత మాత్రం పిల్లలకి పదిహేను రోజులకోసారి దెబ్బలుండాలంటున్నాడని. ఎవరో విసుక్కుంటారని భయపడుతూనే చెప్తున్నాను. వెనక వరసలోంచి ఒక పెద్దాయన వంగి “కొంచెం గట్టిగా చెప్పు బాబూ, మాకూ వినబడనీ” అన్నాడు. ఆ తర్వాత సినిమా అయ్యేదాకా ఆ మూలంతా తెలుగులో నడిచింది. జపాన్‌లో మూకీల రోజుల్లో తెర పక్కన నిలబడి కథ చెప్పే బెన్షీలు ఉండేవాళ్లు, వాళ్లకి హీరోలంత పేరుండేదని నేను చాలా ఏళ్ల తర్వాత చదివాను. ఆ రోజు నాకు తెలిసిందల్లా పురాణం చెప్పేవాళ్ల పద్ధతే. ఒకరు చదువుతారు, ఒకరు అర్థం చెప్తారు.

బయటికొచ్చి ఇరానీ చాయ్ తాగుతుంటే మావాడు అన్న మాట: “అరేయ్, మా సార్ గూడ గిట్లనే అనెటోడు. నోట్‌బుక్ లేకపోతే ఇంటికి పొమ్మనెటోడు.” ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. చేతిలో ఉన్న కప్పు ఇరాన్ నుంచి వచ్చినవాళ్లు మా ఊరికి అలవాటు చేసిందేనని, ఈ నగరానికి ప్లాను గీసినవాడని చెప్పుకునే మీర్ మోమిన్ అస్త్రాబాద్ నుంచి వచ్చినవాడేనని మాకు ఆ క్షణంలో తట్టలేదు. ఇరాన్ ఆ రోజు మాకు ఒక మాస్టారి గొంతుగా దొరికింది. 1990లో ఆ ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. ఆ సినిమాలో వేసిన పిల్లలు బతికే ఉన్నారా అని వెతుక్కుంటూ వెళ్లిన దర్శకుడి కథతో కియరోస్తమీ ఇంకో సినిమా తీశాడు. ఆ సంగతి తెలిసిన రోజు మావాడు, అప్పటికి పుణెలో ఉద్యోగం, నాకు ఫోన్ చేసి అడిగిన మొదటి ప్రశ్న: “పోరగాడు మంచిగున్నడా?”

వార్తల్లో ఇరాన్ అంటే అణు ఒప్పందం, ఆంక్షలు, పెట్రోలు. దాన్ని ఏ జనరల్ నాలెడ్జ్ పుస్తకమైనా చెప్తుంది. “పోరగాడు మంచిగున్నడా” అని అడిగించే పని మాత్రం అది చేయలేదు.

*

పుస్తకం ముక్క ఇంకా మిగిలింది. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తొలిరోజుల్లో వేసిన పుస్తకాల్లో ‘ఏడుతరాలు’ ఒకటి. అలెక్స్ హేలీ 1976లో రాసిన ‘రూట్స్’కి సహవాసి, అంటే జంపాల ఉమామహేశ్వరరావు, సంక్షిప్తంగా చేసిన అనువాదం. పెద్ద పుస్తకాన్ని కుదించి, విద్యార్థి కొనగలిగే ధరలో వేయడం ఒక నిర్ణయం. కుదించినందుకు ఆ రోజుల నుంచీ గొణిగేవాళ్లు ఉన్నారు. నేను వాళ్ల పక్షం కాదు. మా హాస్టల్లో ఆ పుస్తకం అట్ట ఊడిపోయి, ఇరవై మంది చేతులు మారి వచ్చింది. మూలం అంత లావుగా ఉంటే ఆ గది దాకా వచ్చేదే కాదు.

గాంబియాలోని జుఫూరే అనే పల్లె నుంచి 1767లో ఎత్తుకుపోయిన కుంటా కింటే, అతని తర్వాతి తరాలు. యజమాని అతనికి టోబీ అన్న పేరు పెట్టడం. ఇది మేం గట్టిగా చదువుకున్నాం. కారణం గొప్పదేం కాదు, గదిలో ఒకే పుస్తకం ఉంది, కరెంటు పోయినప్పుడు కొవ్వొత్తి ఒకటే ఉంది. పేరు మార్చే అధ్యాయం అయ్యాక మా పక్క గది అబ్బాయి, నల్లగొండ వైపువాడు, తన తాతకి ఊళ్లో దొర పెట్టిన పేరు గురించి చెప్పాడు. అప్పటిదాకా మాలో ఎవరికీ చెప్పలేదు. ఆఫ్రికా గురించి చదువుతుంటే నల్లగొండ బయటపడింది.

హేలీ వంశవృక్షంలో చాలాభాగం నిలబడదని తర్వాత పరిశోధకులు చూపించారు. హెరాల్డ్ కూర్లాండర్ నవలలోంచి భాగాలు తీసుకున్నందుకు 1978లో హేలీ డబ్బిచ్చి రాజీ పడ్డాడు. ఇవి దాచాల్సిన సంగతులు కావు. కలిసి చదివేటప్పుడు ఇవి కూడా బల్ల మీద పెట్టాలి. అడ్డుపడి అడిగేవాడు ఉండాలని ముందు అన్నది అందుకే.

ఇక్కడ నాకు ఆసక్తిగా తోచే సంగతి ఒకటుంది. విజ్ఞాన చంద్రిక లింకన్‌తో మొదలుపెట్టింది. ముప్పాతిక శతాబ్దం దాటాక బుక్ ట్రస్ట్ కుంటా కింటేని తెచ్చింది. ఒకే దేశం, ఒకే బానిసత్వం. మొదటి పుస్తకంలో సంకెళ్లు తెంచినవాడు కథానాయకుడు, రెండో పుస్తకంలో సంకెళ్లు తొడిగించుకున్నవాడు. తెలుగు పాఠకుడు అమెరికాని చూసే కిటికీ ఆ మధ్యకాలంలో ఎటు జరిగిందో ఈ రెండు పుస్తకాలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. ఉప్పల లక్ష్మణరావు లాంటి వాళ్లు మాస్కోలో కూర్చుని తెలుగు చేసిన రష్యన్ పుస్తకాలు, విశాలాంధ్ర వ్యాన్లలో ఊరూరా తిరిగినవి, ఆ జరగడంలో పెద్ద పాత్ర పోషించాయి. అది ఒక వ్యాసానికి సరిపడే కథ, ఇక్కడ ఒక్క వాక్యంతో సరిపెడుతున్నాను.

*

పైగా వాళ్లని ఇంకోసారి తలుచుకోవాలి. ఫఖ్రుద్దీన్ ఖాన్ మనవడు వికార్-ఉల్-ఉమ్రా కట్టించినదని చెప్పే పైగా ప్యాలెస్ బేగంపేటలో ఉంది. 2008లో అమెరికన్ కాన్సులేట్ హైదరాబాద్‌కి వచ్చినప్పుడు మొదట తెరిచింది ఆ భవనంలోనే. 2023లో నానక్‌రామ్‌గూడకి మారేదాకా అమీర్‌పేట పిల్లల వీసా వ్యవహారమంతా ఆ గోడల చుట్టూ తిరిగింది. తాత లండన్ పాఠాన్ని ఊళ్లోకి తెప్పించాడు. మనవడి ఇంటి ముందు పిల్లలు ఫైళ్లు పట్టుకుని బయటికి వెళ్లడానికి వరస కట్టారు.

వెళ్లడాన్ని నేను తప్పుపట్టను. ఇల్లు గడవాలి, చెల్లెలి పెళ్లి చేయాలి, నాన్న అప్పు తీర్చాలి. నా అభ్యంతరం వాళ్ల చేతికిచ్చి పంపుతున్న సామాను గురించి. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ అనే దొంగ యూనివర్సిటీ మూతపడినప్పుడు మన పిల్లల కాళ్లకి ట్రాకింగ్ పట్టీలు తొడిగారు. ఇక్కడ చాలామంది దాన్ని కన్సల్టెన్సీ మోసంగా మాత్రమే చూశారు. అలా పట్టీలు తొడిగే వ్యవస్థ ఏమిటి, అది ముందు ఎవరికి తొడిగేది అని అడిగినవాళ్లు తక్కువ.

2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేతాలోని ఒక బార్‌లో ఒక తెల్లవాడు “మా దేశం నుంచి పొండి” అని అరిచి కాల్పులు జరిపాడు. హైదరాబాద్ ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్ చనిపోయాడు. పక్కనున్న మిత్రుడు గాయపడ్డాడు. అడ్డుపడిన ఒక అమెరికన్ యువకుడికీ తూటా తగిలింది. ఇద్దరు ఇరానియన్లని కాల్చానని హంతకుడు తర్వాత చెప్పుకున్నాడని వార్తల్లో వచ్చింది.

ఆ వారమంతా అమీర్‌పేటలో నేను ఎక్కువసార్లు విన్న మాట ఇది: “పాపం, ఇరాన్‌వాళ్లనుకుని కాల్చాడంట.” చాయ్ బండి దగ్గర, నేను అప్పుడు పాఠాలు చెప్తున్న క్లాసులో, బస్టాపులో. దుఃఖంతోనే అంటున్నారు, అందులో సందేహం లేదు. కానీ ఆ వాక్యం నిర్మాణం చూడండి. గురి తప్పింది అన్నట్టుంటుంది. నిజంగా ఇరాన్‌వాళ్లే అయితే కొంత అర్థముండేది అన్నట్టు. మేం వాళ్లం కాదు అని ఎవరికో సంజాయిషీ ఇస్తున్నట్టు. క్లాసులో నేను ఆ మాట మీద ఆగి అడిగితే ఒక అమ్మాయి అంది: “సార్, మా ఉద్దేశం అది కాదు. కానీ మాకు ఇరాన్‌వాళ్లెవరూ తెలీదు కదా.”

ఆ అమ్మాయి నిజమే చెప్పింది. నా రూమ్మేట్ ఆ వాక్యం అనగలడా అని ఆలోచించాను. అనలేడు. అతనికి ఒక ఇరాన్ పోరగాడు తెలుసు, నోట్‌బుక్ పట్టుకుని గుట్టెక్కినవాడు.

మరుసటి శనివారం క్లాసు ప్రొజెక్టర్ మీద అదే సినిమా వేశాను. నలభై మందిలో పదిహేడు మంది ఆగారు. ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లే, నేను పక్కన నిలబడి తెలుగులో చెప్పాను. అయ్యాక ఎవరూ ఒలేతా గురించి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పిల్లవాడి అమ్మ ఎందుకు వినలేదన్న దాని మీద అరగంట వాదన నడిచింది. మంచి వాదన.

*

ఇప్పుడు పరిస్థితి వేరు. కొరియా సీరియల్ తెలుగు డబ్బింగ్‌లో ఫోన్‌లో దొరుకుతుంది. హాస్టల్ గదిలో ఆరు మంచాలుంటే ఆరు ఫోన్లలో ఆరు దేశాలు నడుస్తుంటాయి, ఆరు జతల ఇయర్‌ఫోన్స్‌తో. ఏ అమీరూ తెప్పించలేనంత ప్రపంచం ఆ గదిలో ఉంది. “ఏమన్నడ్రా” అని మోచేయి పొడిచేవాడు లేడు. బెంగళూరు కబ్బన్ పార్కులో మొదలైన మౌన పఠనం హైదరాబాద్ పార్కులకీ వచ్చింది, చెట్ల కింద దుప్పట్లు పరుచుకుని ఎవరి పుస్తకం వాళ్లు చదువుకుంటారు. బాగానే ఉంటుంది, నేనూ వెళ్లాను. కానీ పక్కవాడు దేనికి నవ్వాడో తెలుసుకోవాలని ఉంటుంది నాకు. 2010లో బంజారాహిల్స్‌లో తెరిచిన లామకాన్‌లో ఆ మాటలు ఇప్పటికీ దొరుకుతాయి. అక్కడి ఇంగ్లిష్‌కి అమీర్‌పేట హాస్టల్ పిల్లలు కొంచెం జంకుతారు. పంజగుట్ట చౌరస్తా దాటితే వచ్చేస్తుంది, అయినా దూరమే.

ఇక ప్రభుత్వ గ్రంథాలయాలు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా కడుతున్నాం, 1960 నాటి చట్టం అది. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీకి వెళితే కుర్చీ దొరకదు. అందరూ గ్రూప్స్‌కీ, కానిస్టేబుల్ పరీక్షకీ చదువుతుంటారు. ఆ పిల్లల్ని లేపి నవల చదవమనే ధైర్యం నాకు లేదు. ఆ కుర్చీలు ఖాళీ అయ్యే ఆదివారం సాయంత్రం ఒక్క గది, ఒక్క గంట ఇస్తే చాలు. ఒకరు పైకి చదవడానికి, ఇంకొకరు ఆపి అడగడానికి.

మేం ప్రస్తుతం ఎస్సార్‌నగర్‌లో ఒక మిత్రుడి డాబా మీద చదువుతున్నాం. పదకొండు మందిమి, ‘ఏడుతరాలు’ ప్రతులు మూడు. ఆగస్టులో టెక్సస్ వెళ్లాల్సినవాళ్లు వాళ్లలో ఇద్దరు. పోయిన వారం ఓడలో ప్రయాణం దగ్గర ఆగాం. చదువుతున్న అబ్బాయి ఇక తన వల్ల కాదని పుస్తకం పక్కన కూర్చున్న అమ్మాయికి ఇచ్చాడు. ఆమె రెండు పేజీలు చదివింది, నీళ్లు తాగింది, ఇంకో పేజీ చదివింది.